‘నోటు రాయించుకున్నారా?’

ప్రశ్న: మాది అనంతపురం. నేను ఒక ప్రైవేటు కళాశాలలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా వారు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతారు. పెళ్ళై తొమ్మిదేళ్ళయింది, ఒక పాప. పెద్దగా పోట్లాడుకునే మనుషులం కాము. మొన్న వేసవిలో మా వారి మేనత్త కొడుకు (వరసకు నాకు అన్న అవుతాడు) బోరు ఎండిపోయిందనీ, కాపుకొచ్చిన చీనీ చెట్లు వాడిపోతున్నాయనీ ఫోన్ చేశాడు. మా వారు నాతో ఒక్క మాటైనా అనకుండా, పాప కోసమని వేసిన డిపాజిట్ తీసి 1,80,000 రూపాయలు పంపారు. ఫోన్‌లో రోజుకు లక్షకు మించి పోదని రెండు రోజులు పంపారట. మూడో రోజు రాత్రి అన్నం దగ్గర చెప్పారు. ‘నోటు రాయించుకున్నారా?’ అని అడిగాను. చేతిలోని సంగటి ముద్ద పళ్ళెంలోనే పెట్టేసి మిద్దె మీదికి వెళ్ళిపోయారు. నాలుగు రోజులు మాట లేదు. ఐదో రోజు ‘నీకు మనుషుల కంటే కాగితాలు ఎక్కువ’ అన్నారు. ‘మీకు ఇంటి కంటే ఊరు ఎక్కువ’ అని నేనూ అన్నాను. మా అత్తమ్మ ‘నలుగురు వింటే నవ్విపోతారు, ఊరుకోండి ఇద్దరూ’ అని సర్దేసింది. తోటి ఉద్యోగిని ఒకామె చెబితే ఫోన్‌లో వ్యక్తిత్వ పరీక్ష రాశాను. నాకు ఇ.ఎస్.టి.జె. అని వచ్చింది. ఆయన ఇలాంటివి రాయరు కాబట్టి ఆయన తరఫున నేనే రాశాను, ఐ.ఎన్.ఎఫ్.పి. అని వచ్చింది. నాలుగు అక్షరాల్లో ఒక్కటీ కలవలేదు. జాతకాలు చూసే పెళ్ళి చేశారు కానీ ఇది ఎవరూ చూడలేదు. ఇక మా బతుకు ఇంతేనా? ఆడదాన్నై ఉండి ఇంత లెక్కగా ఉండటం నాదే తప్పా? నేను మారాలా? ఆయన హైస్కూలు చదువంతా ఆ మేనత్త ఇంట్లోనే ఉండి చదివారు, అందుకే వాళ్ళంటే అంత ప్రాణం. మా నాయన ఒకరికి జామీను ఉండి రెండెకరాల చేను పోగొట్టుకున్నాడు, అది వేరే సంగతి. ఈసారి ఆయన చేతనే ఆ పరీక్ష రాయించి చూడమంటారా?
— ఒక సోదరి, అనంతపురం

సమాధానం:

అమ్మా,

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా ముడులన్నీ దాని కొసకే తగులుకుని ఉన్నాయి. మీరు రెండు పరీక్షలు రాశారు. మొదటి దానిలో మీ గురించి మీకున్న అభిప్రాయం బయటికి వచ్చింది. రెండో దానిలో వచ్చింది మీ వారి స్వభావం కాదు, ఆయన గురించి మీకున్న అభిప్రాయం. అది కూడా నాలుగు రోజుల మౌనం తర్వాత, మనసు చేదుగా ఉన్న పూట. నిర్ణయాలు తీసుకునేటప్పుడు లెక్క చూస్తారా, మనసు మాట వింటారా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆయన పేరిట మీ వేలు ఏ గడి మీద పడి ఉంటుందో నేను ఊహించగలను. కాబట్టి నాలుగు అక్షరాల్లో ఒక్కటీ కలవలేదని మీరు రాసినదాన్ని నేను ‘ఆ వారమంతా ఆయన నాకు పూర్తిగా పరాయి మనిషిలా కనిపించారు’ అని చదువుకున్నాను. అది నిజమైన బాధే. అయితే అది జాతకం కాదు.

ఆ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వాటికి ఎంత విలువ ఇవ్వాలో మీరే తూచుకోగలరు. స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు కార్ల్ యుంగ్, మనుషులు లోకాన్ని గ్రహించడంలోనూ నిర్ణయానికి రావడంలోనూ ఒకరికొకరు ఎలా వేరవుతారో వివరిస్తూ 1921లో ఒక పుస్తకం రాశాడు. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే తల్లి, ఇసబెల్ మైయర్స్ అనే కూతురు ఆ ఆలోచనను పట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాన్ని ఒక ప్రశ్నావళిగా మలచడం మొదలుపెట్టారు. వారిద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టాలు పొందినవారు కారు. నాలుగు జతలు, ఒక్కొక్క జతలో రెండు అక్షరాలు, వెరసి పదహారు రకాలు: మనసు బయటి లోకం వైపు (ఇ) తిరుగుతుందా లోపలికా (ఐ), కళ్ళెదుటి వివరాన్ని (ఎస్) పట్టుకుంటుందా ఊహనా (ఎన్), నిర్ణయానికి ఆలోచన (టి) ఆధారమా మనసుకు తోచే విలువా (ఎఫ్), దేన్నైనా ముందే తేల్చుకుంటుందా (జె) వీలుగా వదిలి ఉంచుతుందా (పి) అని. మీరు ఫోన్‌లో రాసినది ఆ అసలు ప్రశ్నావళి కూడా అయి ఉండదు, దాని నీడలో పుట్టిన అనేకానేక ఉచిత పరీక్షల్లో ఒకటై ఉంటుంది.

దీనిలోని ప్రధానమైన లోపం మన పదో తరగతి మార్కుల వంటిది. 35 వస్తే ఉత్తీర్ణత, 34 వస్తే తప్పినట్టు. నిజానికి ఆ ఇద్దరు పిల్లల చదువులో తేడా ఏమీ ఉండదు, 36 వచ్చినవాడికీ 95 వచ్చినవాడికీ మధ్య బోలెడంత ఉంటుంది. మనుషుల స్వభావాలను కొలిచి చూస్తే ఎక్కువమంది రెండు కొసల్లో కాక నడుమనే ఉంటారు, కానీ ఈ పరీక్ష నడుమ ఒక గీత గీసి అటువాళ్ళకు ఒక అక్షరం, ఇటువాళ్ళకు ఇంకో అక్షరం ఇస్తుంది. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్ళీ రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది. ఇప్పటి పరిశోధకులు ఎక్కువగా వాడే పద్ధతిలో రకాలు ఉండవు. కొత్తదనం పట్ల ఆసక్తి, పనిలో క్రమం, కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుకునే గుణం, ఆందోళన అనే ఐదు కొలతలు ఉంటాయి, ఎవరికి ఏది ఎంత పాళ్ళలో ఉందన్నదే అక్కడి ప్రశ్న.

‘కానీ చదివితే అచ్చం నన్నే రాసినట్టు ఉంది కదా’ అని మీరు అనవచ్చు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా అధ్యాపకుడు తన తరగతిలో 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికీ వారి వ్యక్తిత్వ వివరణ ఇచ్చి, అది ఎంతవరకు సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. ఆయన అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువగా ఒక జ్యోతిషం పుస్తకం నుంచి తీసుకున్నవి. దర్గా దగ్గరి చిలక తీసిన చీటీ మనకే సరిపోయినట్టు అనిపించడం వెనుక ఉన్న రహస్యమూ ఇదే.

ఇంత చెప్పినా ఆ అక్షరాలను తీసి పెన్నలో పారేయమని అనను. ఎవరు ఎలా పోట్లాడతారో చెప్పుకోవడానికి అవి కొన్ని మాటలు ఇస్తాయి, ఆ మాటలు పనికొస్తాయి. చిక్కంతా ఎక్కడంటే, ఎవరు దేని కోసం పోట్లాడుతున్నారన్నది అవి చెప్పలేవు, మనం మాత్రం చెప్పేశాయని అనుకుంటాం. మీ ఇంట్లో ఈ రెండూ కలగాపులగమయ్యాయి.

ముందు తీరు సంగతి చూద్దాం. మీ వారికి మీరు వేసిన ‘ఎఫ్’ అన్న అక్షరాన్ని జనం ‘మనసు మనిషి’, ‘భావోద్వేగాల మనిషి’ అని అర్థం చేసుకుంటారు, అది పొరపాటు. యుంగ్ దృష్టిలో ఆలోచన ఎంత హేతుబద్ధమైనదో ఇదీ అంతే హేతుబద్ధమైనది. ఆలోచన ‘ఇది నిజమా, ఇది పొసగుతుందా’ అని తూకం వేస్తే, ఇది ‘ఇది తగునా, దీనికి విలువ ఎంత’ అని తూకం వేస్తుంది. రెండింటిలోనూ తక్కెడ ఉంది, తూనికరాళ్ళే వేరు. ఆ తూనికరాళ్ళు లోపలికి దాచుకునే స్వభావం ఉన్నవారు మామూలు విషయాల్లో ఎంతో మెత్తగా ఉంటారు. ఏ కూర వండినా తింటారు, ఏ బంధువుల ఇంటికి ముందు వెళ్దామన్నా సరేనంటారు, బీరువా ఎక్కడ పెట్టాలన్న చర్చలో పాల్గొనను కూడా పాల్గొనరు. తొమ్మిదేళ్ళుగా మీరు పెద్దగా పోట్లాడుకోలేదంటే అందులో సగం పుణ్యం ఈ మెత్తదనానిదే అయి ఉంటుంది. కానీ లోపల ఎక్కడో ఒక బండరాయి ఉంటుంది. దానికి కాలు తగిలేవరకు అది ఉందని పక్కవారికి తెలియదు, ఒక్కోసారి వారికే తెలియదు. తగిలినప్పుడు వారు వాదించరు, లేచి వెళ్ళిపోతారు, ఎందుకంటే వాదనకు పెట్టడమే దాన్ని చిన్నబుచ్చడమని వారికి తోస్తుంది.

మీది ఇంకో తీరు. మీకు న్యాయం అంటే బయటికి కనిపించేది, రాసి ఉండేది, రేపు ఎవరు అడిగినా చూపించగలిగేది. తేడా వస్తే అప్పటికప్పుడు, ఉన్నచోటనే తేల్చుకోవాలి. నానబెడితే పులుస్తుందని మీ భయం. మీరు వేసే ప్రశ్న సూటిగా ఉంటుంది, సూటిగా ఉండటమే ఎదుటివారికి ఇచ్చే గౌరవమని మీరు అనుకుంటారు. మీ అత్తమ్మది మూడో తీరు. ఆమెకు విలువ ఉండేది నలుగురి మధ్య, పదిమందిలో ఇల్లు పలచన కాకూడదు, ఆ రాత్రికి రెండు పళ్ళేలూ ఖాళీ అయితే చాలు. ఆమె ‘ఊరుకోండి’ అన్నది తప్పొప్పులు తేల్చి కాదు, మంట మీద మూత పెట్టింది. మూత పెడితే మంట ఆరుతుందన్నది సగం నిజం. లోపల నిప్పు ఉంటే మూత తీసిన రోజు మళ్ళీ లేస్తుంది.

ఆ మౌనం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదే కనుక. మా నాయన కూడా అలాంటి మనిషే. ఇంట్లో మాట పడకపోతే ఎద్దుల కొట్టంలోకి వెళ్ళి నార ముందేసుకుని తాడు పేనేవాడు. మా అమ్మ ఆయనను పిలిచేది కాదు, బువ్వ తీసుకుపోయి గాటిపాటు మీద పెట్టి వచ్చేది. మరునాడు ఆ తాడును మోచేతికి చుట్టి మూరలు లెక్కపెట్టేది. నాలుగైదు మూరలుంటే కోపం నీళ్ళ కోసమో కూలి డబ్బుల కోసమో అని తేల్చేది. పది దాటితే తాను నిజంగానే ఎక్కడో తగలరాని చోట తగిలానని గ్రహించి, ఆ రోజు చాలా జాగ్రత్తగా మాట్లాడేది. ఆమె బడి మొహం చూసిన మనిషి కాదు. ఆయన మౌనం తనను శిక్షించడానికి కాదనీ, ఆయన తనను తాను సర్దుకోవడానికనీ ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే ఆచార్యుడు భార్యాభర్తలను కూర్చోబెట్టి, వారి మధ్య పడని విషయాలు మాట్లాడుకోమని, ఆ సమయంలో వారి గుండె వేగాన్ని కూడా కొలుస్తూ ఏళ్ళ తరబడి పరిశీలించాడు. గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకోవడం మొదలుపెట్టాక మనిషికి ఎదుటివారి మాట సరిగా తలకెక్కదని, కనీసం 20 నిమిషాలు వేరే పనిలో పడితే తప్ప శరీరం చల్లబడదని ఆయన చెబుతాడు. గోడలా మారిపోయి నోరు మూసుకునేవారిలో మగవారే ఎక్కువని కూడా గమనించాడు. కాబట్టి మీ వారు మిద్దె ఎక్కడంలో ఆశ్చర్యం లేదు. అయితే 20 నిమిషాలకూ నాలుగు రోజులకూ తేడా ఉంది. ఎప్పుడు తిరిగి వస్తానో చెప్పకుండా వెళ్ళినవాడి మౌనం, కింద కూర్చున్నవారికి తలుపు మూసిన చప్పుడులాగే వినిపిస్తుంది. ఇది ఆయన మార్చుకోవలసిన విషయం. ‘ఇప్పుడు మాట్లాడలేను, రేపు సాయంత్రం మాట్లాడతాను’ అన్న ఒక్క మాట చెప్పి మిద్దె ఎక్కడానికి ఏ స్వభావమూ అడ్డురాదు.

ఆయన మార్చుకోవలసింది ఇంకొకటి కూడా ఉంది, దాన్ని మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. పాప కోసం దాచిన డబ్బును మీకు చెప్పకుండా తీయడం తప్పు. మనసు మనిషైనా లెక్కల మనిషైనా అది తప్పే, పదహారు రకాల్లో ఏ రకమూ దానికి సంజాయిషీ కాదు. ఆశ్చర్యమేమిటంటే, మీరు ఆ తప్పును ఎత్తి చూపలేదు. ‘నాకు ఎందుకు చెప్పలేదు’ అని అడగవలసిన చోట ‘నోటు రాయించుకున్నారా’ అని అడిగారు. మొదటి ప్రశ్న ఆయన చేసిన పని మీదికి వెళ్ళేది, రెండోది ఆయన మేనత్త ఇంటి నమ్మకం మీదికి వెళ్ళింది. ఆయన తప్పు కాస్తా ఆయన అభిమానం వెనక దాక్కుంది.

ఇప్పుడు విలువల సంగతికి వస్తాను, అసలు గొడవ ఇక్కడిది. ‘అది వేరే సంగతి’ అని మీరు రాసిన వాక్యాన్ని మళ్ళీ చదవండి. మీ నాయన జామీను సంతకం పెట్టి రెండెకరాల చేను పోగొట్టుకోవడం వేరే సంగతి కాదమ్మా. మూడు పేజీల మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం అదే. నమ్మి ఇచ్చిన మాట ఒక ఇంటి పొయ్యిలోకి ఎలా వస్తుందో చిన్నప్పుడే చూసిన ఆడపిల్ల కాగితం అడిగితే అది మనుషుల మీద అపనమ్మకం కాదు, మనుషుల మధ్య నమ్మకం చెడిపోకుండా వేసే కంచె. మీకు కాగితం అంటే అదే. అలాగే, హైస్కూలు చదివినన్నాళ్ళూ మేనత్త వండిన బువ్వ లెక్కాపత్రం లేకుండా తిని చదువుకున్న పిల్లవాడికి, ఆ ఇంటి మనిషి దగ్గర నోటు రాయించుకోవడమంటే తాను తిన్న ప్రతి ముద్దకూ ఈరోజు ధర కట్టడమే. ఆ రాత్రి ఆయన సంగటి ముద్ద ఎందుకు దించేశారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఈ రెండూ మీ అక్షరాల నుంచి రాలేదు, మీ మీ ఇళ్ళ నుంచి వచ్చాయి. ఇదే ఇ.ఎస్.టి.జె. స్వభావంతో మరో ఇంట్లో పుట్టి ఉంటే, రక్తసంబంధీకుల దగ్గర కాగితం అడగరాదన్నదే మీకు చెక్కుచెదరని నియమమై ఉండేది.

షాలోమ్ ష్వార్ట్జ్ అనే సామాజిక మనస్తత్వవేత్త 1992లో మనుషులు పట్టుకుని బతికే విలువలను పదిగా గుర్తించి, వాటిని ఒక చక్రం చుట్టూ అమర్చాడు. ఒకదానికొకటి పడనివి ఎదురెదురుగా, కలిసి పోగలిగినవి దగ్గరదగ్గరగా ఉంటాయి. మీరు కాపాడాలనుకుంటున్నది భద్రత. ఆయన కాపాడాలనుకుంటున్నది తనవారి మేలు. ఆ చక్రంలో ఈ రెండూ ఎదురెదురుగా లేవు, ఒకే పక్కన, కాస్త ఎడంగా ఉన్నాయి. వాటి మధ్య కూర్చున్నవి సంప్రదాయమూ, నలుగురికీ లోబడి నడవటమూ. (మీ ఇంట్లో ఆ చోట మీ అత్తమ్మ కూర్చున్నారని నాకు తోచింది, ఆమెతో మాత్రం అనకండి.) మీరిద్దరూ ఎదురుబొదురుగా నిలబడ్డామని అనుకుంటున్నారు, నిజానికి ఒకే గట్టు మీద నాలుగడుగుల దూరంలో ఉన్నారు. ఆ పదహారు రకాల సిద్ధాంతాన్ని నమ్మేవారి లెక్క కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: మీ రెండు రకాల్లోనూ ఉన్నవి అవే నాలుగు శక్తులట (ఆలోచన, విలువ, వివరం, ఊహ), వరస మాత్రం తలకిందులట, మీలో ముందున్నది ఆయనలో చివరనట. మీలో చివరన, ఎవరికీ చూపకుండా అడుగున పెట్టుకున్నది లోపలి విలువ అన్నమాట. ‘అది వేరే సంగతి’ అన్న మూట అదేనేమో.

మన భాషకే ఈ గొడవ తెలుసు. డబ్బు చేతులు మారడానికి మనకు ఒక్క మాట కాదు, చాలా మాటలున్నాయి. చేబదులు వేరు, అప్పు వేరు, చదివింపు వేరు. చేబదులుకు వడ్డీ లేదు, కాగితం లేదు, గడువు నోటి మాట. అప్పుకు రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు, సాక్షి సంతకం. మీ వారు ఇచ్చింది ఆయన మనసులో చేబదులు, మీ మనసులో అప్పు. మీరిద్దరూ ఒకే సొమ్మును రెండు పేర్లతో పిలుస్తూ పోట్లాడుకున్నారు. 1,80,000 చేబదులుకు పెద్ద మొత్తమే, అక్కడ నేను మీ వైపే. కానీ రాయడమంటేనే అపనమ్మకమన్న మీ వారి మాటకు మన పెళ్ళిళ్ళే జవాబు. పందిట్లో ఒక మూల బల్ల వేసి, లెక్క బాగా వచ్చిన బంధువును కూర్చోబెట్టి, ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో పేరుతో సహా రాస్తాం. ఆ పుస్తకం ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటుంది. ఎవరైనా నొచ్చుకున్నారా? తిరిగి వారింటి శుభకార్యానికి వెళ్ళేటప్పుడు మనమే దాన్ని తీసి చూస్తాం. ఆ రాత అనుమానం కాదు, జ్ఞాపకం. ఈ మాట ఆయనతో మీరు అనడం కంటే మీ అత్తమ్మ చేత అనిపిస్తే బాగా వినిపిస్తుంది.

పైగా మీరు అడిగిన కాగితంలో సగం మీ వారి ఫోన్‌లోనే ఉంది. రోజుకు లక్షకు మించి పోదని రెండు రోజులు పంపారని మీరే రాశారు. తేదీతో, మొత్తంతో, ఎవరి ఖాతాకు చేరిందో అన్నీ అక్కడ నమోదయ్యాయి. లెక్కల్లో ఆరితేరిన మీకు ఇది తోచకపోవడమే, ఆ రాత్రి గొడవ లెక్క గురించి కాదనడానికి నాకు దొరికిన సాక్ష్యం. నేను వకీలును కాను, కానీ ఇంతవరకు తెలుసు: డబ్బు వెళ్ళిందని ఆ నమోదు చెబుతుంది, ఎందుకు వెళ్ళిందో చెప్పదు, అప్పు రాబట్టుకోవడానికి కోర్టుకు వెళ్ళే గడువు, నోటు ఉన్నా లేకున్నా, మామూలుగా 3 ఏళ్ళు. ఆయన ఆ బావకు ‘అందిందా, చెట్లు ఎట్లున్నాయి, ఎప్పటికి సర్దగలవు’ అని మామూలుగా ఒక సందేశం పంపి, ఆ జవాబును దాచుకుంటే మిగతా సగమూ పూర్తవుతుంది. ఇది ఎవరినీ చిన్నబుచ్చే పని కాదు. అయితే ఈ సందేశం మీరు పంపవద్దు, ఆయనకు తెలియకుండా ఎవరిచేతా పంపించవద్దు. అలా చేస్తే ‘కాగితాలు ఎక్కువ’ అన్న మాటను మీరే నిజం చేసినవారవుతారు.

మాట ఎలా ఎత్తాలన్నది మీరు అడగలేదు కానీ, అదే కష్టమైన భాగం. అన్నం దగ్గర వద్దు. మీ అత్తమ్మ ఎదుట వద్దు. ‘ఆదివారం సాయంత్రం మిద్దె మీద ఒక విషయం మాట్లాడాలి, కోప్పడటానికి కాదు’ అని రెండు రోజుల ముందే చెప్పండి. లోపల తూచుకునే మనుషులకు తూచుకునే వేళ ఇవ్వాలి. మీకు ఆ రెండు రోజులూ ముళ్ళ మీద కూర్చున్నట్టుంటుంది, తెలుసు, నాదీ మీ తీరే. ఆదివారం మొదట నోటు మాట ఎత్తవద్దు, డిపాజిట్ మాటా ఎత్తవద్దు. మీ నాయన చేను కథ చెప్పండి. జామీను ఎవరికి ఉన్నాడు, చేను వెళ్ళిపోయిన రోజు ఇంట్లో మీ అమ్మ ఏం చేసింది, ఆ తర్వాత ఆ జామీను పుచ్చుకున్న మనిషి మీ వీధిలో ఎదురుపడితే మీ నాయన మొహం ఎలా ఉండేది, అంతా చెప్పండి. తొమ్మిదేళ్ళలో ఆయనకు ఇది ఒక వాక్యంగా తెలిసి ఉండవచ్చు, కథగా తెలిసి ఉండదని నా అనుమానం. తర్వాత మేనత్త ఇంటి కథ ఆయనను చెప్పమనండి, మధ్యలో అందుకోకండి. ఆ రెండు కథలూ అయ్యాక, డిపాజిట్ మిమ్మల్ని అడగకుండా తీయడం మీకు ఎలా అనిపించిందో చెప్పండి. అప్పుడు ఆ మాట ఆయన మేనత్తకు తగలదు, తగలవలసిన చోటనే తగులుతుంది.

ఇకముందు కోసం మీరిద్దరూ ఒక గీత గీసుకోవచ్చు. ఫలానా మొత్తం వరకు ఆయన ఎవరికి చేబదులిచ్చినా మీరు అడగరు, రాకపోయినా ఎత్తిచూపరు. దానికి పైన ఎంతైనా ఇద్దరూ అనుకున్నాకే. ఆ మొత్తం ఎంతన్నది మీ జీతాలను బట్టి మీరు తేల్చుకోవలసింది. మొదటి భాగం ఆయన విలువకు మీరిచ్చే చోటు, రెండోది మీ విలువకు ఆయనిచ్చే చోటు. దీనితో ఈ రకం తగాదా పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను. దంపతుల మధ్య తేడాల్లో 69 శాతం ఎప్పటికీ తేలనివేనని అదే గాట్‌మన్ లెక్క. కలిసి సుఖంగా బతికేవారికి కూడా అవి ఉంటాయి, వారు వాటిని తేల్చరు, వాటి గురించి చేదు లేకుండా మాట్లాడుకుంటారు.

ఆడదాన్నై ఉండి ఇంత లెక్కగా ఉండటం తప్పా అన్నారు. దీనికి పొడవైన జవాబు అవసరం లేదు. కరువు సీమలో ఇళ్ళు నిలబెట్టినవి ఆడవాళ్ళు పోపుల డబ్బాల్లో దాచిన లెక్కలే. మారాలా అంటే, మీరు అడిగే ప్రశ్నలు మార్చనక్కరలేదు, వాటి వరస మార్చుకుంటే చాలు.

ఇక ఆ పరీక్ష. ఆయనకు ఇష్టమైతే రాయనివ్వండి, అయితే చిన్న మార్పుతో: ఆయన మీ తరఫున రాయాలి. మీరు మీ గురించి రాసిన జవాబులనూ, మీ గురించి ఆయన రాసిన జవాబులనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. చివర వచ్చే అక్షరాలు చూడకపోయినా నష్టం లేదు, ఏ ఏ ప్రశ్నల దగ్గర మీ ఇద్దరి జవాబులు విడిపోయాయో అవి చాలు, ఒక ఆదివారం సాయంత్రానికి సరిపడా మాటలు అందులో ఉంటాయి.

ఒక్క విషయం. మీ ఉత్తరంలో డబ్బు ఎంతో ఉంది, ఎన్ని విడతలో ఉంది, ఏ రోజు ఏ మాట అనుకున్నారో ఉంది. ఆ బోరులో నీళ్ళు పడ్డాయో లేదో మాత్రం లేదు. చీనీ మొక్క నాటిన నాలుగైదేళ్ళకు గానీ కాపు చూపదు, ఒక్క ఎండాకాలం తడి అందకపోతే ఆ ఏళ్ళన్నీ పొయ్యిలోకి పోతాయి. ఆ ఫోన్ వచ్చిన పూట మీ వారి కళ్ళ ముందు ఆడింది అదే అయి ఉంటుంది. ఆయన ఇప్పటికి మేనత్త ఇంటికి ఎన్నోసార్లు ఫోన్ చేసి ఉంటారు, మీకు తెలియకుండా మిద్దె మీద నుంచి. ఆదివారం వరకు కూడా ఆగవద్దు, ఈ రాత్రే అడగండి, నీళ్ళు పడ్డాయా అని.